ఫోటోలో తప్ప ఎక్కడా లేని మచ్చ

మొన్న సెలవులకు పుణె నుంచి వచ్చిన నా మనవరాలు తన సంచిలోంచి ఒక పాత రీలు కెమెరా తీసి, దేవుడి పటం చూపించినట్టు రెండు చేతులతో నా ముందు పెట్టింది. ఫోన్‌తో లోకాన్నంతా ఫోటో తీయగల ఈ కాలంలో పిల్లలకు రీలు కెమెరాల మీద ఎక్కడి మోజు పట్టిందో తెలియదు గానీ, పాత సామాన్ల బజారంతా తిరిగి దాన్ని కొని, రీలు ఎక్కడ దొరుకుతుందో వెతికి, కడిగించి తెచ్చిన ఫోటోలను ఒక్కొక్కటిగా నా ఒళ్లో పరిచింది. ప్రతి ఫోటోలోనూ ఎక్కడో ఒకచోట తెల్లటి మరక ఉంది. ఒకదానిలోనైతే దాని స్నేహితురాలి ముఖం సగం ఆ తెలుపులోనే కొట్టుకుపోయింది. కెమెరా పాడైంది బిడ్డా, లోపలికి వెలుతురు జొరబడుతోంది, బాగుచేయించుకో అన్నాను. అది పకపకా నవ్వింది.

"అమ్మమ్మా, అది ఖరాబు కాదు. లైట్ లీక్ అంటరు. మస్తుంటది. ఇసొంటి కెమెరా లేనోళ్లు ఫోన్‌ల కావాలని పెట్టుకుంటున్నరు."

అంటూనే తన ఫోన్‌లో చక్కగా ఉన్న నా ఫోటో ఒకటి తీసి, వేలితో అటూ ఇటూ జరిపి, సరిగ్గా నా ఎడమ చెంప మీద ఒక తెల్లటి మరక పూసి చూపించింది.

నేను లేచి వెళ్లి చన్నీళ్లతో ముఖం కడుక్కున్నాను. పిల్ల బిత్తరపోయి ఏమైందని అడిగితే ఎండకు తల తిరిగిందని చెప్పి తప్పించుకున్నాను. దానికి ఏమని చెప్పను? ఫోటో అంటే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే సంబరమని, మన ముఖం అందులో ఎట్లా పడిందో తెలుసుకోవడానికి రోజుల తరబడి కాచుకునేవాళ్లమని ఎరిగిన నా ఈడు వాళ్లు మీరు. మీకైతే చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే కొంతైనా ఈ రోత తగ్గుతుందేమో చూస్తాను.

అప్పట్లో మేము షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో ఒక చాల్‌లో ఉండేవాళ్లం. వరుసగా గదులు, వాటన్నిటి ముందు ఒకటే పొడుగాటి వసారా, అందరికీ కలిపి ఒక నల్లా, పైన గచ్చి. ముందు గదిలో నాయిన మగ్గం, వెనక గదిలో పొయ్యి, మూటలు, మేము. నాయిన పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడంటే ఇక మాట లేదు, పలుకు లేదు. నాడె అటూ ఇటూ పోయే చప్పుడే ఆయన మాట. అమ్మా నేనూ ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. చాల్‌లోని ఆడవాళ్లంతా వసారాలో చాపలు పరుచుకుని మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని చుట్టేవాళ్లు. తంబాకు ఘాటు మా జుట్టుకు, మా చీరలకు, మేము తినే కడక్ భాకరికి, ఆ గట్టి జొన్నరొట్టెకు కూడా అంటుకుని ఉండేది. ఎవరింట్లో ఏ కూర, ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరి మగడు జీతం ఎక్కడ తగలేశాడు, అన్నీ ఆ చాపల మీదే తేలేవి.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, రెండు గదుల అవతల ఉండేవాడు. పెళ్లయి పిల్లలున్న మనిషి. కుంఠా నాకా దగ్గర ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో పని. కానీ ఆయన ప్రాణమంతా ఒక కెమెరా మీద ఉండేది. పాత సామాన్ల బజారులో కొన్నాడు దాన్ని. మూసి ఉంటే చిన్న పాన్‌దాన్‌లా ఉండేది. మీట నొక్కితే ముందు తలుపు టక్కున తెరుచుకుని, లోపల మడతలు పెట్టిన నల్లటి తోలు తిత్తి, హార్మోనియం తిత్తి ఉంటుందే అట్లాంటిది, ముక్కు చాపినట్టు బయటికి వచ్చేది. ఆ తిత్తి చివర అద్దం. మామ దాన్ని తెరిచినప్పుడల్లా మేమంతా నోళ్లు తెరిచేవాళ్లం. పెళ్లిళ్లకు, బారసాలలకు ఇండ్లలోపల ఫోటోలు తీసేవాడు. రీలు తానే కడిగేవాడు. ఎక్కడ కడిగేవాడనుకున్నారు? మా అమ్మ అన్నం వార్చే తపేలాలో. ఎన్నిసార్లు తోమినా ఆ మందుల పులిసిన వాసన పోయేది కాదు. అన్నం నోట్లో పెట్టుకోగానే నాకు వెలపరం వచ్చేది. కానీ మామ మీద ప్రేమకొద్దీ ఎవరమూ ఏమీ అనేవాళ్లం కాదు.

నాకు సంబంధాలు చూస్తున్న రోజులు. అశోక్ చౌక్ దగ్గర సొంతంగా మగ్గాలు నడిపించుకునే ఒక ఇంటివాళ్లు పిల్లను అడుగుతున్నారని, ముందుగా ఒక ఫోటో పంపమన్నారని మధ్యవర్తి వచ్చి చెప్పాడు. ఈ మధ్యవర్తి మాకు దూరపు చుట్టమే. ఎవరింటికి వెళ్లినా ఛాయ్ సాసర్‌లో పోసుకుని, చప్పుడు చేస్తూ తాగి, తర్వాత గానీ విషయం చెప్పని మనిషి. స్టూడియోకు ఎందుకు, మా తమ్ముడున్నాడు గదా అంది అమ్మ.

మామ అప్పటివరకు తీసినవన్నీ ఇంటిలోపలి ఫోటోలు. నా ఫోటోకు మాత్రం మంచి వెలుతురు కావాలని పట్టుబట్టి నన్ను గచ్చి మీదికి తీసుకెళ్లాడు. షోలాపూర్ ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గచ్చి మీది బండలు అప్పటికే కాలుతున్నాయి. మామ కెమెరాను తెరిచి పిట్టగోడ మీద పెట్టి, ఎటు నిలబెట్టాలి, వెనక ఏముండాలి అని చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. అమ్మ నా కొంగు సర్దుతూ, పూలు సర్దుతూ, చెమటకు కరిగిపోతున్న పౌడరు మళ్లీ అద్దుతూ ఇంకొంత సేపు చేసింది. అంతసేపూ ఆ తిత్తి ఎండకు నోరు తెరుచుకుని అట్లాగే ఉంది. నడుము దాకా ఒకటి, నిలువెత్తు ఒకటి, రెండు ఫోటోలు తీశాడు. నిలువెత్తు దానిలో నేను కళ్లు మూశానని దాన్ని కాగితం మీదికి ఎక్కించనే లేదు. నడుము దాకా తీసినదాన్ని తన గదిలో ఎర్ర బల్బు కింద అచ్చువేసి, తడి ఆరగానే మాకు చూపించకుండానే మధ్యవర్తి చేతికి ఇచ్చాడు. మేమూ అడగలేదు. మామ తీశాక చూసేదేముంది అనుకున్నాం.

కొన్నాళ్లకు మధ్యవర్తి వచ్చాడు. ఆ రోజు ఛాయ్ వద్దన్నాడు. అప్పుడే అమ్మ ముఖం మారిపోయింది. ఆయన జేబులోంచి ఫోటో తీసి మగ్గం మీద, నాయిన నేస్తున్న చాదర్ మీద పెట్టాడు.

"అన్నా, పిల్లకు కోడ్ ఉన్న ముచ్చట నాకు ముందుగల్ల చెప్పొద్దా? వాళ్లింట్ల నా ఇజ్జత్ పోయింది."

కోడ్ అంటే మరాఠీలో బొల్లి. నేను వెనక గది తలుపు పక్క నుంచి తొంగి చూశాను. అరచేతిలో పట్టేంత ఫోటో. అందులో నేను, నా ఎడమ చెంప మీద శనగగింజంత తెల్లటి మచ్చ. అంచులు కొంచెం అలుక్కుపోయి, నిజంగా చర్మం మీద పుట్టినట్టే ఉంది. నా చెయ్యి నాకు తెలియకుండానే చెంప మీదికి పోయింది. అమ్మ నా ముఖం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, ఏమీ లేదు చూడన్నా, నువ్వే చూడు అని ఏడుపు గొంతుతో అంది. ఆయన చూశాడు. ఏమీ లేదని ఆయనకూ కనబడింది. అయినా ఫోటో వైపే మళ్లీ చూశాడు. నాయిన ఫోటోను చాదర్ మీది నుంచి పక్కకు జరిపి మళ్లీ నాడె విసిరాడు. నాకు ఆ రోజు అందరికంటే ఎక్కువ కోపం నాయిన మీదే వచ్చింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అబ్బాయి తల్లి తనకు తోడుగా ఇంకొకామెను వెంటేసుకుని, చాదర్లు కొనడానికి వచ్చామన్న మిషతో మా ఇంటికి వచ్చింది. అమ్మ హడావిడిగా చాప వేసింది. ఆమె కూర్చోలేదు. నన్ను గుమ్మంలోకి, ఎండ పడే చోటికి రమ్మంది. గడ్డం పట్టుకుని ముఖం తిప్పింది. సంతలో ఎద్దు పళ్లు చూసేవాడు కూడా కొంచెం నెమ్మదిగా చూస్తాడు. తర్వాత తన కొంగు చివర నోట్లో పెట్టుకుని, ఉమ్మితో తడిపి, ఆ తడి కొంగుతో నా చెంపను రుద్దింది. పౌడరు కింద దాచామేమోనని. ఆ ఉమ్మిలో పొగాకు, వక్క కలిసిన వాసన. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆమె మళ్లీ తడిపింది, మళ్లీ రుద్దింది. చెంప ఎర్రబడింది తప్ప తెల్లబడలేదు.

"ఇప్పుడైతే దిసత్ నాహీ," అంది పక్కనున్న ఆమెతో. కనబడటం లేదని. "కానీ లోపల్లోపల ఉండొచ్చు. రేపు బయటపడ్డదనుకో, మేమేం చేయాలె? ఫోటో ఖోటా ఎట్ల చెప్తది, అబద్దం ఎట్ల ఆడతది?"

వాళ్లు వెళ్లాక నేను నల్లా కింద చెంప పెట్టి సబ్బుతో రుద్దుకున్నాను, ఆమె రుద్దినదానికంటే గట్టిగా. ఇన్నేళ్లకు కూడా ఎవరైనా కొంగు నోట్లో పెట్టుకోవడం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ మాట వసారాలోకి ఎట్లా పాకిందో నేను చెప్పనక్కర్లేదు. మర్నాటి నుంచి నా చాపకు ఇటువైపు జాగా, అటువైపు జాగా. ముందు రోజు దాకా నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని పాటలు పాడినవాళ్లే, ఇవాళ గాలి ఆడటం లేదమ్మా అని చాప జరుపుకున్నారు. పక్కింటి చంటిపిల్ల నా ఒళ్లో పెరిగిన పిల్ల. వాళ్లమ్మ వచ్చి పాలు తాగే వేళయిందని ఎత్తుకుపోయింది. పాలు తాగే వేళ కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పైగా వాళ్లంతా నా ముఖాన్ని రోజూ చూస్తున్నవాళ్లే. మచ్చ లేదని కళ్లతో చూస్తున్నారు. అయినా వాళ్ల కళ్లను వాళ్లు నమ్మలేదు. అన్నిటికంటే వెగటు పుట్టించింది అదే.

ఇక అమ్మ. చెప్పకుండా దాటేయాలని ఉంది గానీ, చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు. అమ్మ మూలికల దుకాణానికి పోయి బావంచాలు తెచ్చింది. బొల్లికి పూసే గింజలు అవి. నూరి, ఏదో నూనెలో కలిపి, నల్లటి జిగట ముద్ద చేసింది. మచ్చే లేని చోట మందెందుకని నేను మొత్తుకున్నాను. అమ్మ గొంతు తగ్గించి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"రాకముందే పూస్తే రాదు బిడ్డా. మన కండ్లకు కనబడనిది మిషన్‌కు కనబడ్డదేమో."

తొమ్మిది నెలలు మోసి కన్న తల్లి, రోజూ నాకు జడ వేసే తల్లి, నా ముఖం కంటే ఆ కాగితం ముక్కను ఎక్కువ నమ్మింది. చచ్చిన ఎలుక వాసన వేసే ఆ ముద్దను నా ఎడమ చెంపకు పట్టించి, మందు పారాలంటే ఎండ తగలాలని చెప్పి గచ్చి మీద కూర్చోబెట్టింది. నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే, నాకు కూడా అనుమానం వచ్చేసింది. అద్దంలో చూసుకుంటే ఒక్కోసారి అక్కడ తెల్లగా ఏదో ఉన్నట్టే అనిపించేది. నా ముఖం మీద నాకే అసహ్యం పుట్టించారు.

కొన్నాళ్లకు చెంప మండడం మొదలుపెట్టింది. ఆ తర్వాత బొబ్బలెక్కింది. నీరు పట్టి, పగిలి, చీమూ రసీ కారి, దిండు గలీబుకు అతుక్కునేది. పొద్దున లేచి దిండు నుంచి చెంపను ఊడబెరుక్కోవాలి. ఈగలు ముసిరేవి. చాపల మీది వాళ్లు ఇప్పుడు దూరం జరగడానికి మిష కూడా వెతుక్కోలేదు.

మామ ఆ రోజులన్నీ కార్ఖానాలో పగలూ రాత్రీ రెండు షిఫ్టులు చేస్తూ మా వైపు రాలేదు. వచ్చి నా ముఖం చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. అయినా, మనిషి గుణం చూడండి, ముందుగా అన్న మాట తన కెమెరాలో దోషం లేదని. ఏదో మందులో బుడగ పడి ఉంటుందన్నాడు, కాగితం మంచిది కాదన్నాడు. నాకు ఆ క్షణాన మామ మీద కూడా వెగటు పుట్టింది. నేను అడిగాను, ఆ రోజు తీసిన ఇంకో ఫోటో ఏది అని. కళ్లు మూసినదాని రీలు ముక్క ఉందన్నాడు. తెమ్మన్నాను.

రెండు ముక్కలూ తెచ్చాడు. గుమ్మంలో నిలబడి ఎండకు ఎదురుగా పట్టుకుని చూశాను. రీలులో అంతా తలకిందులు గదా, తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా. మొదటి ముక్కలో నా చెంప మీద నల్లటి చుక్క ఉంది. అంటే కాగితం తప్పు కాదు, రీలులోనే ఉంది. రెండో ముక్కలో నేను నిలువెత్తున చిన్నగా ఉన్నాను, కళ్లు మూసుకుని. నా ముఖం మీద ఏమీ లేదు. కానీ నా భుజం అవతల, గచ్చి మీది మెట్ల గది గోడ మీద, సరిగ్గా అదే చోట, అదే నల్లటి చుక్క ఉంది.

"గోడకు కూడా బొల్లి వచ్చిందా మామా?" అన్నాను.

మామ ఆ రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. చుక్క మీద చుక్క కూర్చుంది.

అప్పటినుంచి ఆ కెమెరా ఒంట్లో రోగం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాం. వెనక రెక్క మీద రీలు అంకె కనబడటానికి ఒక ఎర్ర అద్దపు కిటికీ ఉంటుంది. ముందు అనుమానం దాని మీదికి పోయింది. దానికి నల్ల కాగితం అంటించి, కొత్త రీలు ఎక్కించి గచ్చి మీద ఒకటి, వసారా నీడలో ఒకటి తీశాడు. నీడలోది శుభ్రంగా వచ్చింది. ఎండలోదానిలో మళ్లీ ఆ చుక్క. అంటే కిటికీ కాదు. వెనక రెక్క సందుల్లోంచి వస్తుందేమోనని అంచుల చుట్టూ నల్ల గుడ్డ చుట్టి మళ్లీ తీశాడు. మళ్లీ చుక్క. ఇక మిగిలింది తిత్తి ఒక్కటే. దాన్ని ఎన్నోసార్లు చూశాను, తోలు నున్నగా నిగనిగలాడుతోంది అన్నాడు మామ. బయటి నుంచి కాదు, లోపలి నుంచి వెలుతురు పెట్టి చూద్దామన్నాను. రాత్రి కార్ఖానాకు పోవాలి, పట్టపగలు చీకటి ఎక్కడిది అన్నాడు. ఇంటినిండా చాదర్లున్న వాళ్లకు చీకటికి కరువా? మధ్యాహ్నం తలుపులు మూసి, నాయిన నేసిన బరువైన చాదర్లు ఒకదాని మీద ఒకటి కప్పుకుని, మామా నేనూ కింద దూరాం. ఉక్కపోతకు ఊపిరాడలేదు. నా చెంప పుండుకు చెమట ఉప్పు తగిలి నిప్పు పెట్టినట్టు మండింది. మామ వెనక రెక్క తెరిచి, చిన్న టార్చి లైటు తిత్తిలోపల పెట్టి వెలిగించాడు.

తిత్తి మూల మడతలో సూది మొనంత వెలుగు కనబడింది. కళ్లు చిట్లించుకుని చూస్తే ఒక్క చుక్క, ఆకాశంలో నక్షత్రంలా. మామ దాని మీద వేలు పెడితే ఆరిపోయింది, తీస్తే వెలిగింది.

చాదర్లు తీసి, గుమ్మంలోకి తెచ్చి, నేను గోటితో ఆ మూలను గీకాను. గోట్లోకి నల్లటి మైనం వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూటు పాలిష్ వాసన. ఇంకొంచెం గీకితే మైనం ముద్దగా ఊడి వచ్చింది, దాని కింద తోలు చిరుగు బయటపడింది. ఆ చిరుగు మడతలో బొద్దింక గుడ్ల తిత్తి ఒకటి ఎండి అతుక్కుని ఉంది, దాని చుట్టూ బూజు, పురుగు రెట్టలు. కెమెరా అమ్మినవాడు ఇదంతా శుభ్రం కూడా చేయకుండా పైన పాలిష్ మెత్తి, నిగనిగలాడించి మామకు అంటగట్టాడు. ఇంటిలోపల తీసినన్నాళ్లూ పట్టుబడలేదు. ఎండలో పెట్టేసరికి మైనం మెత్తబడి నోరు తెరిచింది. మామ ఆ బొద్దింక గుడ్లను చూస్తూ, నా చెంప చూస్తూ, పెద్దగా ఏడ్చాడు. నేను ఏడవలేదు. గోట్లోని పాలిష్‌ను పుల్లతో తీసుకుంటూ కూర్చున్నాను. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ వాసన పోలేదు.

చిరుగును వెంటనే అతికిస్తానన్నాడు మామ. నేనే వద్దన్నాను. ఒక్క ఫోటో తీశాక అతికించమన్నాను. మధ్యవర్తిని పిలిపించి, నీకు మంచి ఫోటో ఒక్కటి లేదు గదా అని గచ్చి ఎక్కించాం. ఆయన మీసం దువ్వుకుని, టోపీ సర్దుకుని, పిట్టగోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కెమెరా ఎండలో తెరిచి పెట్టి, నన్ను నిలబెట్టిన చోటే ఆయన్నీ నిలబెట్టి తీశాడు మామ. ఆ సాయంత్రం ఫోటో చేతిలో పెడితే ఆయన ముఖంలో రక్తం లేదు. ఎడమ చెంప మీద చింతగింజంత తెలుపు. మేము మైనం గీకేశాం గదా, మచ్చ ఇంకా పెరిగింది.

"ఏందిది? అరె, ఏందిది? ఎవరికన్న చూపెట్టిండ్రా దీన్ని?" అంటూ చెంప తడుముకున్నాడు.

ఇంకా ఎవరికీ చూపెట్టలేదు, వసారాలో ఆడవాళ్లకు చూపెట్టమంటావా అని నేను అడిగాను. మామ కెమెరా తెరిచి చిరుగు చూపించాడు. ఆయనకు అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది గానీ, అర్థమయ్యాక చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా రెండు ఫోటోలూ పట్టుకుని అశోక్ చౌక్‌కు పరుగెత్తాడు.

వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి అబ్బాయి తల్లితో పాటు తండ్రి కూడా. చాప మీద కూర్చున్నారు, ఛాయ్ తాగారు, మిషన్ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నా మోసమేనని ఆయన నవ్వాడు. అమ్మ చేతులు కట్టుకుని తలూపుతోంది, ఆనందంతో కళ్లు నిండిపోయి. అప్పుడు నన్ను పిలిచారు. నేను బయటికి వస్తే, నా చెంప మీద పచ్చి ఆరి నల్లబడుతున్న పుండు చూసి ఆమె ముఖం ముడుచుకుంది. అమ్మ జరిగింది చెప్పింది. ఆమె నొచ్చుకోలేదు. తన వల్ల ఒక పిల్ల చెంప కాలిందన్న ఆలోచన ఆమె ముఖంలో ఎక్కడా కదల్లేదు.

"సరే, ఆ డాగ్, ఆ మచ్చ పోనీయండ్రి. పోయినంక మంచి స్టూడియోల ఇంకో ఫోటో తీసి పంపుండ్రి. అప్పుడు చూద్దాం," అంది.

నా చెంప మీదికి ఆమె కొంగు తడి, ముక్కులోకి ఆ ఉమ్మి వాసన ఒక్కసారిగా వచ్చేశాయి. నేను ఏమంటానో నాకే తెలియకముందే మాట బయటపడింది.

"నాకొద్దు ఈ సంబంధం."

ఆడపిల్ల అట్లా మాట్లాడే రోజులు కావు అవి. అమ్మ నా చెయ్యి గిల్లింది. మధ్యవర్తి నోరు తెరిచాడు. అప్పుడు మగ్గం చప్పుడు ఆగింది. అన్ని రోజులుగా ఏ మాటకూ ఆపని నాడెను నాయిన పక్కన పెట్టి, గుంటలోంచి కాళ్లు తీసి, లేచి వచ్చాడు.

"పిల్ల వద్దంటున్నది. ఛాయ్ అయిపోయింది గద, ఇగ పోయి రాండ్రి."

అంతే అన్నాడు. మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆయన మీద పెట్టుకున్న కోపం ఆ రోజు సగం దిగింది, మిగతా సగం మాత్రం చాలా ఏళ్లు ఉంది. ఆ మాట మొదటి రోజే అని ఉంటే నా చెంప మిగిలేది గదా అని.

పుండు మానింది. అక్కడి చర్మం తెల్లబడలేదు గానీ, నల్లగా మచ్చ కట్టింది. మచ్చ లేని చోట మచ్చ పుట్టించారు. మరో మూడు నాలుగేళ్లకు, చాదర్ల కార్ఖానాలో లెక్కలు రాసే మనిషి నన్ను చేసుకున్నాడు. ఫోటో అడగలేదు, పెళ్లిచూపులకే వచ్చాడు. చెంప ఏమైందని ఒకసారి అడిగాడు, ఎండకు కాలిందన్నాను, మళ్లీ అడగలేదు. మామ ఆ కెమెరా తిత్తికి నల్ల గుడ్డ అతికించాడు గానీ దాన్ని మళ్లీ నా వైపు ఎప్పుడూ తిప్పలేదు. మా పెళ్లికి కూడా స్టూడియో మనిషినే పిలిపించి, తాను దూరంగా వడ్డన చేస్తూ నిలబడ్డాడు. తర్వాత కొన్నాళ్లకు దాన్ని తూకానికి అమ్మేశాడని విన్నాను.

అమ్మ నాకు తప్పయిందని ఏనాడూ చెప్పలేదు. పెళ్లయి వెళ్లేదాకా రోజూ పాల మీద కట్టిన కాస్త మీగడను చిన్న గిన్నెలో దాచి, పనంతా అయ్యాక నన్ను కూర్చోబెట్టి ఆ చెంపకు రాసేది. రాస్తున్నంతసేపూ వేరే ఊరి సంగతులేవో మాట్లాడేది. చివరి రోజుల్లో చూపు పోయాక కూడా, నేను వెళ్లి పక్కన కూర్చుంటే ముందుగా ఆమె వేళ్లు వెతుక్కునేది నా ఎడమ చెంపనే. మచ్చ అప్పటికి ఎప్పుడో వెలిసిపోయింది. పోయిందమ్మా అని చెప్పినా మళ్లీ తడిమేది.

ఇప్పుడు ఆ చాల్ లేదు. దాన్ని పడగొట్టి ఆరంతస్తుల ఫ్లాట్లు కట్టారు, మా కొడుకు అందులోనే ఒకటి తీసుకున్నాడు. మగ్గం గుంట ఉన్న చోట ఇప్పుడు బండ్లు నిలబెడతారు. మోకాలికి మోకాలు ఆనించి కూర్చునే వసారా లేదు, తంబాకు వాసన లేదు. ఆ చాపల మీది వాళ్ల చూపులంటే నాకు రోత, ఇప్పటికీ రోతే, అందులో సందేహం లేదు. కానీ ఆ చూపులతోనే, ఒంట్లో బాగాలేదని నేను చెప్పకముందే కనిపెట్టి, గిన్నెడు గంజి తెచ్చి నోటికి అందించిందీ వాళ్లే. రెండూ ఒకే కళ్లు చేసిన పనులు. ఇన్నేళ్లయినా వాటిని విడదీసి, ఇది ఉంచుకుని అది పారేద్దామంటే నా వల్ల కావడం లేదు. పోయిన వానాకాలం నాకు జ్వరం వచ్చి ముఖం పీక్కుపోయింది. లిఫ్టులో కింది ఫ్లాటామె రోజూలాగే నవ్వి, బాగున్నారా ఆంటీ అని అడిగి, నేను నోరు తెరిచేలోగా తన అంతస్తు రాగానే దిగిపోయింది.